పద్దులో పేరు ఎవరిది?

పొలం తనే దున్నుకుని, గుడ్డ ఇంట్లోనే నేసుకుని, ఎవరి ముందూ చేయి చాచకుండా బతికిన రైతు. అమెరికా తొలినాటి పల్లె అనగానే పుస్తకాలూ సినిమాలూ చూపించే బొమ్మ ఇదే. ఆ బొమ్మకు రంగులద్దినవారిలో స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ ముందు వరుసలో ఉంటాడు. నేలను నమ్ముకున్నవాడే గట్టి పౌరుడని, పరాధీనుడు ఎవరికైనా ఇట్టే లొంగిపోతాడని ఆయన రాశాడు. అదే జెఫర్సన్ 1826 జూలై 4న కన్నుమూసేనాటికి లక్ష డాలర్లకు పైగా అప్పు వదిలిపోయాడు.

లెక్కలు రాయక అప్పులపాలయ్యాడనుకుంటే పొరపాటు. 1767 నుంచి చనిపోయేదాకా, దాదాపు అరవై ఏళ్లు, ఆయన చిల్లర ఖర్చు సహా రాస్తూనే ఉన్నాడు. 1776 జూలై 4న, ఫిలడెల్ఫియాలో స్వాతంత్ర్య ప్రకటనకు ఆమోదం పడిన రోజున కూడా, థర్మామీటరుకు 3 పౌండ్ల 15 షిల్లింగులు, ఏడు జతల ఆడవాళ్ల చేతి తొడుగులకు 27 షిల్లింగులు, దానధర్మానికి ఒకటిన్నర షిల్లింగు అని పద్దు వేసుకున్నాడు. రాయడంలో లోపం లేదు. తీరిగ్గా కూర్చుని రాబడెంత, ఖర్చెంత, మొత్తం బాకీ ఎంత అని కూడి చూసుకునే అలవాటే ఆయనకు పెద్దగా లేదు. దానికితోడు మామగారు జాన్ వేల్స్ పోయినప్పుడు ఆస్తితోపాటు వచ్చిన అప్పు కూడా మెడకు చుట్టుకుంది.

ఆ లెక్క చివరికి 1827 జనవరిలో, వర్జీనియాలోని మాంటిచెల్లో కొండ మీద జరిగిన వేలంలో తేలింది. ఇంటి సామాను, గొడ్లు, ధాన్యంతోపాటు 130 మంది మనుషుల్ని పాటకు పెట్టారు. జెఫర్సన్ వీలునామా పుణ్యమా అని కమ్మరి జోసెఫ్ ఫాసెట్‌కు విముక్తి దొరికింది. వంటశాల చూసుకున్న అతని భార్య ఈడిత్‌కు గానీ, పిల్లలకు గానీ దొరకలేదు. వాళ్లు వేర్వేరు కొనుగోలుదార్ల పాలయ్యారు. వారిలో పీటర్‌కు అప్పటికి పదకొండేళ్లు.

ఆ కాలపు పల్లెను తెలుసుకోవాలంటే గొప్పవాళ్ల ఉపన్యాసాల కన్నా ఇంటి పద్దులు, వీలునామాలు, మనిషి పోయాక రాసిన ఆస్తి జాబితాలే నయం. అయితే వాటినీ కళ్లు మూసుకుని నమ్మలేం. ఖాతా ఎవరి పేరున తెరిచారో వారి కష్టమే కష్టంగా నమోదవుతుంది. పంపకాల రోజు వచ్చేసరికి ఆ పేరే హక్కయి కూర్చుంటుంది. పేరు లేనివాళ్లు ఎంత చాకిరీ చేసినా ఇంకొకరి దయ మీద బతకాల్సిందే, లేదా పంచుకునే సరుకులో ఒకటిగా లెక్కకు రావాల్సిందే. తొలినాటి అమెరికా పద్దు పుస్తకాల అసలు కథ ఇది.

మసాచుసెట్స్, కనెటికట్ పల్లెల్లో చాలామంది రైతులు ఖాతా పుస్తకం పెట్టుకునేవారు. ఇరుగుపొరుగులో ఒక్కొక్కరికి ఒక్కో పేజీ జత. ఎడమ పక్క అతను పట్టుకెళ్లింది, కుడి పక్క అతను ఇచ్చింది. ఎడ్ల జతను ఒక రోజు అరువివ్వడం, గడ్డి కోత కూలి, ఆపిల్ రసం పీపా, బూట్ల కుట్టు కూలి, పంది మాంసం, అన్నిటికీ షిల్లింగుల్లో ధర కట్టేవారు. నాణెం చేతులు మారడం మాత్రం అరుదు. 1792లో డాలరు నాణేల చట్టం వచ్చాక కూడా చాలా ఏళ్లు పల్లె పద్దులు షిల్లింగుల్లోనే నడిచాయి. ఆ షిల్లింగైనా అంతటా ఒకటా అంటే అదీ కాదు. మసాచుసెట్స్‌లో డాలరుకు ఆరు, పెన్సిల్వేనియాలో ఏడున్నర, న్యూయార్క్‌లో ఎనిమిది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని లెక్క తేల్చుకునేది ఏ రెండు మూడేళ్లకో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో. తేడా ఉంటే ధాన్యం కొలవడం, ప్రోనోటు రాయడం, లేదంటే కొత్త పేజీకి ఎత్తి రాసుకోవడం. కింద సంతకాలు. ఇలాంటి పొరుగు బాకీల మీద మామూలుగా వడ్డీ వేసుకునేవారు కాదు. తగాదా వస్తే పుస్తకం తెచ్చి ప్రమాణం చేస్తే చాలు, కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకునేది.

అంటే ఊళ్లో ప్రతివాడూ ఇంకొకడికి బాకీ, ఇంకొకడి దగ్గర బాకీ. ఎవరికీ బాకీ లేని సొంతకాళ్ల రైతు ఈ పుస్తకాల్లో భూతద్దం పెట్టి వెతికినా కనబడడు. ఈ ఇచ్చిపుచ్చుకోళ్లను చూసి ఆ పల్లెలు ఎంత మంచివో అని మురిసిపోయేవాళ్లున్నారు. మరీ అంత మురిసిపోనక్కర్లేదు. స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక బ్రిటిష్ వ్యాపారులు బోస్టన్ వర్తకుల్ని రొక్కం అడిగారు, వర్తకులు పల్లె దుకాణదారుల్ని అడిగారు, దుకాణదారులు రైతుల మీద దావాలు వేశారు. ధాన్యంతోనో ఒంటి కష్టంతోనో ఏళ్లమీద తీర్చుకునే బాకీకి ఇప్పుడు వెండి నాణేలు కావాలన్నారు. పైన పన్నుల బరువు. గొడ్లు జప్తయ్యాయి, రైతులు జైలుకెళ్లారు. 1786 ఆగస్టు చివర్లో వందలాది రైతులు మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్ కోర్టును చుట్టుముట్టి నడవకుండా ఆపేశారు. డేనియల్ షేస్ తిరుగుబాటుగా చరిత్రకెక్కింది అదే. మరుసటి ఏడాది మొదట్లో సైన్యంతో అణిచేశారు.

ఈ ఖాతా పుస్తకాల తలకట్టులో ఉండేవి దాదాపు అన్నీ మగవాళ్ల పేర్లే. పొరుగింటి ఇల్లాలు నూలు వడికిచ్చినా, ఇంటి ఆడపిల్ల వెన్న చిలికి పంపినా జమ పడేది ఆ ఇంటి యజమాని ఖాతాలో. అమెరికాలోనూ నడిచిన అప్పటి ఆంగ్ల చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీకి విడిగా చట్టపరమైన ఉనికి లేదు. ఆమె సంపాదన, ఆమె తెచ్చుకున్న చరాస్తి, ఒంటిమీది బట్టతో సహా భర్తవే. ఆమె ఒప్పందం రాయలేదు, దావా వేయలేదు, భర్త ఒప్పుకోకుండా వీలునామా రాయలేదు.

అందుకే మెయిన్ ప్రాంతంలోని హాలోవెల్ మంత్రసాని మార్తా బాలార్డ్ రాసిన దినచర్య అంత విలువైనది. కెన్నెబెక్ నది ఒడ్డున ఉండే ఆమె 1785 జనవరిలో మొదలుపెట్టి 1812లో చనిపోయేముందు దాకా రాసింది. సుమారు పదివేల రోజుల పద్దు. అందులో 816 పురుళ్లు. మామూలు కాన్పుకు ఆరు షిల్లింగులు. అది డబ్బుగానే రావాలని లేదు. వెన్నో, జున్నో, ఉన్నో, కొవ్వొత్తులో ఏదో ఒక రూపంలో వచ్చేది. పుచ్చుకున్నాక పేజీ అంచున రెండు ఇంటూ గుర్తులు పెట్టుకునేది. మంచు కరిగి వాగులు పొంగే రోజున నది దాటిన వైనం, తెల్లారేదాకా నొప్పులు పడిన తల్లి, పుట్టింది ఆడో మగో, ఇంటికొచ్చి విత్తిన బీన్సు, అన్నీ ఒకే ఊపులో రాసేసింది. ఒక చిత్రం ఏమిటంటే, ఇంత పట్టుగా రాసిన మనిషి కూడా తాను పురుడు పోసిన తల్లుల్ని తరచూ ఫలానా దొర భార్య అనే నమోదు చేసింది. పేరు మగవాడి చుట్టూ తిరగడం ఆమె కలానికి కూడా అలవాటైపోయింది.

భర్త ఎఫ్రయిమ్ భూముల సర్వేయరు, రంపపు మిల్లు నడిపినవాడు. మగవాళ్ల ఖాతాల్లో కలప, సర్వే కూలి, పన్నుల లెక్కలుంటే, మార్తా దినచర్యలో వాటి పక్కనే ఇంకో ఆర్థిక వ్యవస్థ నడిచింది. 1787లో ఇంటికి మగ్గం వచ్చింది. కూతుళ్లు హన్నా, డాలీ నేత నేర్చారు. నూలు ఒకరిది, పడుగు పేర్చింది ఇంకొకరు, నేసింది వేరొకరు. ఈ ఇచ్చిపుచ్చుకోళ్లు ఏ మగవాడి పుస్తకంలోనూ పూర్తిగా దొరకవు. చరిత్రకారిణి లారెల్ థాచర్ ఉల్‌రిచ్ 1990లో ఈ దినచర్య ఆధారంగా రాసిన పుస్తకానికి మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. అంతకుముందు చూసినవాళ్లు ఇవి ఇంటి పనుల చిల్లర రాతలని పక్కన పెట్టేశారు.

మార్తా సంపాదన ఆమెను ఎంతవరకు కాపాడిందంటే, పెద్దగా లేదు. పన్ను వసూలుదారుగా పనిచేసిన ఎఫ్రయిమ్ వసూలు చేయలేకపోయిన మొత్తానికి జవాబుదారీ అయి, దాదాపు ఎనభై ఏళ్ల వయసులో 1804 జనవరిలో అప్పుల జైలుకెళ్లాడు. ఏడాదిన్నర దగ్గర దగ్గర అక్కడే ఉన్నాడు. ఈలోగా కొడుకు జొనాథన్ కుటుంబంతో ఆ ఇంట్లోకి దిగాడు. ఊరంతటికీ పురుళ్లు పోసిన ఆమె తన ఇంట్లోనే ఒక గదిలోకి సర్దుకుంది. భర్త బతికుండగానే వైధవ్యపు ఏర్పాటన్నమాట.

ఆ ఏర్పాటు అప్పట్లో ఎలా ఉండేదో వీలునామాలు చెబుతాయి. భర్త పోతే భార్యకు భూమిలో మూడో వంతు మీద జీవితకాల అనుభవ హక్కు. అమ్ముకోవడానికి లేదు, తన ఇష్టం వచ్చినవారికి రాసుకోవడానికీ లేదు. ఆమె తర్వాత అది భర్త వారసులకే. న్యూ ఇంగ్లండ్ వీలునామాలు కొన్ని దీన్ని అడుగులూ అంగుళాలూ కొలిచినట్టు రాశాయి. తూర్పు గది ఆమెది, నేలమాళిగలో కొంత చోటు, పొయ్యిలో రొట్టె కాల్చుకునే హక్కు, బావి దాకా నడిచే దారి, ఏడాదికి ఇన్ని బండ్ల కట్టెలు, ఒక ఆవుకు మేత. సొంత కొడుకు బావి దారి మూసేస్తాడేమోనని తండ్రి చావుకు ముందే కాగితం మీద పెట్టాల్సి వచ్చిందంటే, ఆ ఇళ్లలో ప్రేమకు ఎంత పూచీ ఉండేదో ఊహించుకోవచ్చు. వీలునామా లేకపోతే మసాచుసెట్స్‌లో 1789 దాకా పెద్ద కొడుక్కి మిగతావారికి రెట్టింపు వాటా వచ్చేది. మన పాత పద్ధతిలోని జ్యేష్ఠభాగమే.

కూతుళ్లకు భూమి దక్కేది తక్కువ. పరుపులు, దుప్పట్లు, ఇత్తడి కాగులు, బీరువాలు ఇచ్చి పంపేవారు. మసాచుసెట్స్‌లోని హాడ్లీలో 1715 ప్రాంతంలో చేసిన ఒక పెద్ద చెక్క బీరువా ఇప్పటికీ ఉంది. పువ్వులు, తీగల రంగుల నడుమ, ముందు భాగమంతా పరుచుకుని పెద్ద అక్షరాల్లో హన్నా బర్నార్డ్ అని రాసి ఉంటుంది. అది ఆమె పెళ్లికి ముందు పేరు. మన అమ్మమ్మలు పుట్టింటి సారెగా తెచ్చుకున్న బిందెల మీద పేరు కొట్టించుకున్నట్టే. 1715లో జాన్ మార్ష్‌ను పెళ్లాడిన హన్నా రెండేళ్లకే పురిట్లో పోయింది. మిగిలిన కూతురు అబిగైల్ తర్వాత తన కూతురికి హన్నా బర్నార్డ్ హేస్టింగ్స్ అని పేరు పెట్టింది. పొలాలు మగ పేర్ల మీద చేతులు మారిన ఊళ్లో, ఒక స్త్రీ పుట్టింటి పేరు బీరువా తలుపుల మీదా మనవరాలి పేరులోనూ నిలిచింది. చట్టం లెక్కలో మాత్రం పెళ్లయిన మర్నాటి నుంచీ ఆ బీరువా జాన్ మార్ష్‌దే.

ఈ చట్టాన్ని ధిక్కరించినవాళ్లు లేకపోలేదు. రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఏళ్ల తరబడి ఇంటికి దూరంగా ఉన్నప్పుడు బ్రెయిన్‌ట్రీలోని పొలాన్ని నడిపింది భార్య అబిగైల్. ఆయనకు నేలంటే మోజు. ఆమెకు ధర పడిపోయిన ప్రభుత్వ బాండ్లు కొంటే లాభమని లెక్క. ఆమె లెక్కే నెగ్గింది. 1816 జనవరిలో, భర్త బతికి ఉండగానే, చట్టం చెల్లదన్న వీలునామా తన చేత్తో రాసి, తన సొమ్మనుకున్నదాన్ని మనవరాళ్లు, కోడళ్లు, మేనకోడళ్లు, పనిచేసిన స్త్రీలకు పంచింది. 1818లో ఆమె పోయాక జాన్ ఆడమ్స్ ఆ కాగితాన్ని మన్నించాడు. మంచిదే. కానీ అది భర్త మంచితనమే తప్ప ఆమె హక్కు కాదు. పెళ్లయిన స్త్రీ ఆస్తి మీద చట్టాలు మిసిసిపీలో 1839లో, న్యూయార్క్‌లో 1848లో గానీ రాలేదు. మిసిసిపీ చట్టం ముఖ్యంగా కాపాడింది ఏమిటంటే, భార్యల పేరున ఉన్న బానిసల మీద యాజమాన్యాన్ని.

ఇక్కడే ఈ కాగితాల అసలు చీకటి మొదలవుతుంది. ఇంటి యజమాని పోగానే ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్లు కోర్టు తరఫున వచ్చి గది గదీ తిరిగి సామాను ధర కట్టేవారు. ఈకల పరుపు ఇంత, విరిగిన కాగు ఇంత, పాత జీను ఇంత. ఆర్థిక చరిత్రకారిణి ఆలిస్ హాన్సన్ జోన్స్ 1774 నాటి ఇలాంటి 919 జాబితాలను తీసుకుని పదమూడు వలస రాజ్యాల సంపద ఎంతో లెక్కగట్టింది. దక్షిణాది జాబితాల్లో చాలాచోట్ల ఆవులు, గుర్రాల వరుసలోనే మనుషుల పేర్లు, ఎదురుగా పౌండ్లు. ముసలివాళ్ల పేరు ఎదుట కొన్నిసార్లు సున్నా.

జార్జి వాషింగ్టన్ ఇంటి లెక్క చూస్తే ఒక్క ఖాతా తేడాకు ఎంత ధర పడిందో తెలుస్తుంది. ఆయన భార్య మార్తా మొదటి భర్త డేనియల్ పార్క్ కస్టిస్ 1757లో వీలునామా రాయకుండానే పోయాడు. వితంతువు వాటాగా మూడో వంతు ఆస్తి, అందులోని బానిసలు, ఆమె జీవితకాల అనుభవానికి వచ్చారు. 1799లో తన మౌంట్ వెర్నాన్ ఎస్టేటులో వాషింగ్టన్ రాసుకున్న జాబితాలో 317 మంది ఉన్నారు. అందులో ఆయన సొంతం 123 మంది, కస్టిస్ ఎస్టేటు తాలూకు 153 మంది, మిగతావాళ్లు ఇతరులకు చెందినవాళ్లు. వీలునామాలో ఆయన విడుదల చేయగలిగింది తన ఖాతాలోని వాళ్లనే. నలభై ఏళ్లు ఒకే చోట బతికిన ఆ రెండు ఖాతాల మనుషులు పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కన్నారు. వడ్రంగి ఐజాక్ వాషింగ్టన్ ఖాతా, పాడి చూసే భార్య కిటీ కస్టిస్ ఖాతా. బిడ్డ ఎవరి సొత్తు అన్నది తల్లి ఖాతాను బట్టి. 1801 జనవరి 1న వాషింగ్టన్ ఖాతాలోనివాళ్లు స్వేచ్ఛ పొందారు. 1802లో మార్తా పోయాక రెండో ఖాతాలోనివాళ్లను ఆమె నలుగురు మనవలు, మనవరాళ్లు పంచుకున్నారు.

పుస్తకంలో సరుకుగా ఉన్న మనిషే లెక్క రాయించడం మొదలుపెడితే? కనెటికట్‌లో వెంచర్ స్మిత్ ఆ పని చేశాడు. ఆఫ్రికాలో పుట్టి చిన్నతనంలోనే పట్టుబడి అమ్ముడుపోయిన ఈయన బానిసగా ఉంటూనే రాత్రిళ్లు, ఖాళీ దొరికినప్పుడల్లా పనిచేసి 21 పౌండ్లు కూడబెట్టి యజమాని సోదరుడికి అప్పిచ్చి నోటు రాయించుకున్నాడు. గొడవ వచ్చినప్పుడు యజమాని ఆయన పెట్టె పగలగొట్టి ఆ నోటు నాశనం చేశాడు. కాగితం పోయింది, బాకీ పోయింది. ఆ తర్వాత మరో యజమాని దగ్గర 1765లో 71 పౌండ్ల 2 షిల్లింగులు కట్టి తనను తాను కొనుక్కున్నాడు. ఇద్దరు కొడుకుల్ని తలా 200 డాలర్లకు, భార్య మెగ్‌ను 40 పౌండ్లకు, కూతురు హన్నాను 44 పౌండ్లకు విడిపించాడు. మెగ్ అప్పటికి కడుపుతో ఉంది. కాన్పు కాకముందే కొంటే బిడ్డకు వేరే ధర కట్టనక్కర్లేదన్న లెక్క కూడా ఆయన వేసుకున్నాడు. కొడుకు సాలమన్ తిమింగలాల వేటకెళ్లిన ఓడలో జబ్బుచేసి పోయినప్పుడు, బిడ్డ ప్రాణంతోపాటు 75 పౌండ్లు నష్టపోయానని చెప్పుకున్నాడు. ఇది చదివి ఆయన్ను రాతిగుండె మనిషి అనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ కుటుంబంలో ప్రతి మనిషికీ ముందుగా ధర కట్టింది ఆయన కాదు. 1798లో ఆయన చెబుతుండగా రాసిన ఈ జీవితకథ పుస్తకంగా వచ్చింది. 1805లో చనిపోయేనాటికి హాడమ్ నెక్‌లో వంద ఎకరాలకు పైగా భూమి ఆయన పేరున ఉంది.

వెంచర్ నోటులా మార్తా బాలార్డ్ కాగితాలూ పోవలసినవే. ఇల్లూ నేలా మగ వారసులకు పోతే, ఈ పాత పుట చేర్చని కాగితాల కట్ట కూతురు డాలీకి, ఆమె నుంచి ఆమె కూతుళ్లకు వచ్చింది. 1884లో వాళ్లు దాన్ని మార్తాకు ముని మనవరాలి కూతురైన మేరీ హోబర్ట్ చేతిలో పెట్టారు. అప్పుడే ఆమె వైద్య విద్య పూర్తి చేసుకుంది. 1930లో ఆమె దాన్ని మెయిన్ రాష్ట్ర గ్రంథాలయానికి ఇచ్చేసింది. నలుగురైదుగురు ఆడవాళ్లు పారేయకుండా దాచబట్టి ఒక ఊరి సగం చరిత్ర మిగిలింది.

మన తెలుగునాట ఉమ్మడి ఆస్తి కాగితం మీద కొడుకుతో సమానంగా ఆడపిల్ల పేరు ఎక్కించే పని హిందూ వారసత్వ చట్టానికి 1985 నుంచి వర్తించిన అప్పటి ఆంధ్రప్రదేశ్ సవరణతో మొదలైంది, 2005 చట్టంతో దేశమంతటికీ వచ్చింది. ఇంటి చాకిరీ పద్దు మాత్రం ఇంకా ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉంది. పాల లెక్క గుర్తులు పెట్టిన పాత క్యాలెండర్లు, డ్వాక్రా సంఘాల తొలినాటి పుస్తకాలు, చీటీల లెక్కలు రాసిన నోటుబుక్కులు. అటక మీద అలాంటివి ఉంటే తూకానికి వేసేముందు ఒకసారి తెరిచి చూడండి. మొదటి పేజీ మీద రాసినామె పేరు, ఊరు, ఏ ఏళ్ల లెక్కలో రాయండి. దాచుకునే చోటు లేకపోతే ఏదైనా గ్రంథాలయానికో, విశ్వవిద్యాలయపు చరిత్ర శాఖకో అప్పగించండి.